చెవి ఒగ్గే ఆటలు

తెలుగులో ‘వినడం’ అనే మాటకు ఉన్న రెండు అర్థాలు మా ఇంట్లో చాలాకాలం ఒకదానితో ఒకటి కలిసిపోయి, అనవసరమైన తగవులకు కారణమయ్యాయి. ‘పాట వినడం’ అన్నప్పుడు చెవి చేసే పని గుర్తుకొస్తుంది. ‘మాట వినడం’ అన్నప్పుడు మాత్రం చెవి సంగతి వెనక్కి పోయి, చెప్పినట్టు నడుచుకోవడం అనే అర్థం ముందుకొస్తుంది. ‘మావాడు అస్సలు వినడండీ’ అని ఎవరైనా అంటే ఆ పిల్లవాడికి చెవుడని ఎవరూ అనుకోరు, మొండివాడనే అనుకుంటారు. మా ఐదేళ్ల అబ్బాయి విషయంలో నేనూ అలాగే అనుకున్నాను, ఒక సాయంత్రం వాడు తువ్వాలు పట్టుకుని నా ముందు నిలబడేవరకు.

ఆ సాయంత్రం ఆడుకుని ఇంట్లోకి వస్తున్న వాడితో, వంటగదిలోంచే, ‘చెప్పులు విప్పి అరలో పెట్టి, చేతులు కడుక్కుని, తువ్వాలు తీసుకురా’ అన్నాను. రెండు నిమిషాల తర్వాత వాడు వచ్చాడు. కాళ్లకు చెప్పులు అలాగే ఉన్నాయి, చేతులకు మట్టి అలాగే ఉంది, ఆ మట్టి చేతుల్లో మడత విప్పని తువ్వాలు ఉంది. ముఖంలో మాత్రం అప్పగించిన పని పూర్తిచేసుకొచ్చిన వాడి సంతోషం కనిపిస్తోంది. తిట్టబోయినదాన్ని ఆ ముఖం చూసి ఆగిపోయాను. వాడు నా మాటను లెక్కచేయకపోవడం కాదు, నేను చెప్పిన మూడు పనుల్లో చివరిది ఒక్కటే వాడి దగ్గర మిగిలింది, మిగతా రెండూ తోవలోనే జారిపోయాయి.

వినడం అని మనం ఒక్క మాటలో తేల్చేసేది నిజానికి ఒకదాని వెంట ఒకటి జరిగే చాలా పనుల వరుస. చుట్టూ ఉన్న చప్పుళ్లలోంచి కావలసిన గొంతును విడదీసుకోవాలి, ఆ గొంతు పలికిన అక్షరాలను వాటికి దగ్గరగా ఉండే అక్షరాలతో పొరబడకుండా పట్టుకోవాలి, వాక్యం పూర్తయ్యేదాకా మొదటి మాటలను మనసులో నిలిపి ఉంచుకోవాలి, సగం విని పరుగెత్తాలనే తొందరను ఆపుకోవాలి, అన్నీ అయ్యాక అర్థం కానిది ఏదైనా మిగిలిందేమో చూసుకోవాలి. పెద్దవాళ్లకు ఇవన్నీ రెప్పపాటులో జరిగిపోతాయి కాబట్టి వీటి మధ్య తేడా కనిపించదు. పిల్లల్లో ఒక్కో పని ఒక్కో వేగంతో పదునెక్కుతుంది. ఏడాదిగా మా అబ్బాయితోనూ, ఎనిమిదేళ్ల మా అమ్మాయితోనూ ఆడుతున్న ఆటల్లో ఏది ఏ పనికి పదును పెడుతోందో గమనిస్తూ వస్తున్నాను. పేరుకు వినే ఆటలే అయినా నేర్పేది తక్కువగా ఉన్నవి కూడా కొన్ని తేలాయి.

మేము మొదలుపెట్టింది మౌనం ఆటతో. దీని వెనక మంచి చరిత్ర ఉంది. ఇటలీకి చెందిన వైద్యురాలు మరియా మాంటిస్సోరి 1907 జనవరి 6న రోమ్ నగరంలో తన మొదటి బాలల గృహాన్ని తెరిచారు. ఒకరోజు ఆమె నాలుగు నెలల పసిబిడ్డను ఎత్తుకుని పిల్లల మధ్యకు వచ్చి, ఈ బిడ్డ ఎంత నిశ్చలంగా ఉందో చూపించి, మీలో ఎవరైనా ఇంత నిశ్శబ్దంగా ఉండగలరా అని సరదాగా పోటీ పెట్టారు. పిల్లలు ఆ పోటీని మనసుకు తీసుకుని బిగబట్టుకుని కూర్చునేసరికి, అంతకుముందు ఎవరికీ పట్టని చిన్నచిన్న చప్పుళ్లు గదిలో వినిపించడం మొదలైంది. తర్వాత ఈ పోటీయే ఒక పాఠంగా మారింది. టీచరు పక్కగదిలోకి వెళ్లి ఒక్కొక్కరి పేరు గుసగుసగా పిలుస్తుంది, పేరు వినబడిన పిల్ల కుర్చీ చప్పుడు కాకుండా లేచి, అడుగుల చప్పుడు కాకుండా ఆమె దగ్గరికి వెళుతుంది.

మా ఇంట్లో మొదటిరోజు ఈ ఆట ఇరవై సెకన్లకు మించి సాగలేదు. అబ్బాయి కిసుక్కున నవ్వాడు, వాడిని చూసి అక్క నవ్వింది. మర్నాడు కళ్లు మూసుకుని, ఒక్క నిమిషంలో ఎన్ని చప్పుళ్లు వినబడతాయో వేళ్ల మీద లెక్కపెట్టమన్నాను. లెక్క చేతికి ఇచ్చేసరికి నవ్వడానికి తీరిక దొరకలేదు. ఫ్యాను, గోడగడియారం, దూరంగా ఒక కుక్క, ఎవరిదో తలుపు అని అబ్బాయి నాలుగు చెప్పాడు. అమ్మాయి ఆరు చెప్పింది. ఆ ఆరింటిలో ఒకటి ఫ్రిజ్ మోటారు ఆగిపోవడం. ‘అది ఆగాకే తెలిసింది, ఇంతసేపూ మోగుతూనే ఉందని’ అంది. నాకు ఆ మోటారు మోగడమూ వినబడలేదు, ఆగడమూ వినబడలేదు. నోరు మూసుకోమని గద్దిస్తే వచ్చే నిశ్శబ్దంలో ఇటువంటివి దొరకవు, ఎందుకంటే అందులో పిల్లల చెవి మొత్తం మన కోపం మీదే ఉంటుంది.

దీనికి దగ్గరి చుట్టం లాంటి ఆట ఒకటి కెనడా స్వరకర్త ఆర్. ముర్రే షేఫర్ తన విద్యార్థుల చేత చేయించేవారు. ఒక కాగితాన్ని తరగతిలో చేతులు మారుస్తూ ఈ చివరినుంచి ఆ చివరికి పంపాలి, కాగితం చప్పుడు చేయకూడదు, అంతే. చెప్పడానికి ఎంత తేలికో చేయడానికి అంత కష్టం. మేము వార్తాపత్రికతో ప్రయత్నించాం. మడత దగ్గర పట్టుకుంటే చప్పుడు ఎక్కువనీ, రెండు అంచులూ బిగుతుగా లాగి పట్టుకుంటే తక్కువనీ మా అబ్బాయి రెండోరోజుకే కనిపెట్టాడు. షేఫర్ పుట్టినరోజైన జూలై 18ని ప్రపంచ శ్రవణ దినంగా కొందరు జరుపుకుంటారు. ఆ రోజున ఇంటిల్లిపాదీ చేసి చూడదగ్గ పని ఇది. ఇందులో పెద్దవాళ్లే ముందు ఓడిపోతారని నా అనుభవం.

గడియారం దాచే ఆట మా అబ్బాయికి అన్నిటికన్నా ఇష్టం. టిక్ టిక్ మని వినబడే చిన్న బల్లగడియారాన్ని గదిలో ఎక్కడో దాచిపెట్టి, కళ్లు మూసుకుని చెవితోనే వెతకమంటాం. ఫోను మోగేలా పెట్టి దాచవచ్చు గానీ దాని గొంతు పెద్దది కాబట్టి ఆట రెండు నిమిషాల్లో తేలిపోతుంది, చప్పుడు ఎంత సన్నగా ఉంటే పిల్లలు అంత ఒళ్లు దగ్గర పెట్టుకుని వింటారు. శబ్దం ఎటునుంచి వచ్చిందో తెలుసుకోవడానికి మెదడు వాడే ఆధారం ఎంత సూక్ష్మమైనదో ఈ ఆట ఆడేటప్పుడు అర్థమవుతుంది. గాలిలో శబ్దం సెకనుకు సుమారు 343 మీటర్ల వేగంతో పోతుంది. కుడిపక్కనుంచి వచ్చిన శబ్దం ఎడమ చెవికి చేరడంలో జరిగే ఆలస్యం, ఎంత ఎక్కువనుకున్నా, మిల్లీసెకనులో, అంటే సెకనులో వెయ్యోవంతులో, మూడింట రెండు వంతులకు కాస్త అటూ ఇటూగా ఉంటుంది. ఆ మాత్రం తేడానే మెదడు పట్టుకుంటుంది, దానికి తోడు తల అడ్డు రావడం వల్ల దూరపు చెవిలో శబ్దం కొంచెం తగ్గి వినబడడాన్ని కూడా లెక్కలోకి తీసుకుంటుంది.

అయితే గడియారం సరిగ్గా ఎదురుగానో సరిగ్గా వెనకగానో ఉంటే రెండు చెవులకూ శబ్దం ఒకేసారి చేరుతుంది, అప్పుడు ముందువెనకలు తారుమారవుతాయి. మా అబ్బాయి ఒకసారి వీపు వెనక పుస్తకాల అరలో ఉన్న గడియారం కోసం ఎదురుగా ఉన్న కిటికీ దాకా నడిచి, పరదాలు తడుముతూ నిలబడ్డాడు. తల కొంచెం పక్కకు తిప్పి విను అన్నాను. తిప్పాడు, క్షణం ఆగాడు, గిర్రున వెనక్కి తిరిగి నేరుగా అర దగ్గరికి వెళ్లాడు. తల తిప్పడంతో రెండు చెవుల మధ్య తేడా మళ్లీ పుట్టింది. ఇప్పుడు వాడు గదిలోకి వస్తూనే పిట్టలా తల అటూ ఇటూ వంచి చూసుకుంటాడు. ఒక చెవిని అరచేత్తో మూసి వెతకమంటే మాత్రం అక్కాతమ్ముళ్లిద్దరూ తడబడతారు, రెండు చెవులు ఎందుకున్నాయో చెప్పడానికి అంతకన్నా వేరే పాఠం అక్కర్లేదు.

ఇక మా ఇంటి ఆటల్లో అసలైనది, మేమే కల్పించుకున్నది, ‘పడు–పాడు’ ఆట. ఒకరు ఒక్క మాట అంటారు, మిగతావాళ్లు ఆ పని చేయాలి. ‘పడు’ అంటే పరిచిన దుప్పటి మీద పడిపోవాలి, ‘పాడు’ అంటే ఏదో ఒక రాగం తీయాలి, ‘ఆడు’ అంటే చిందులు వేయాలి, ‘ఆగు’ అంటే బొమ్మలా నిలిచిపోవాలి, ‘ఊగు’ అంటే నిలబడినచోటే ఊగాలి, ఇవి కాక ‘పాకు’, ‘దూకు’ కూడా ఉన్నాయి. ఈ మాటలను ఊరికే ఎంచుకోలేదు. ‘పడు’కూ ‘పాడు’కూ తేడా ఒక్క దీర్ఘం మాత్రమే, ‘పాడు’కూ ‘ఆడు’కూ మొదటి హల్లు మాత్రమే తేడా, ‘ఆడు’ను ‘ఆగు’ నుంచి వేరుచేసేది చివరి అక్షరం, ‘ఆగు’ను ‘ఊగు’ నుంచి వేరుచేసేది మొదటి అచ్చు. ఒక్క ధ్వని జారితే పాడవలసినవాడు పడిపోతాడు, ఆ తప్పు అందరికీ కనిపిస్తుంది, నవ్వూ వస్తుంది. తప్పు తెలియడానికి ఎవరూ ఎవరినీ దిద్దవలసిన అవసరం ఉండదు.

మా అమ్మాయి ఆజ్ఞలిచ్చే వంతు వచ్చినప్పుడు ఈ ఆటలో నేను ఊహించని మెలిక ఒకటి పెట్టింది. ‘పా…’ అని సాగదీసి, తమ్ముడు పాడడానికి నోరు తెరిచి గొంతు సవరించుకునేదాకా ఆగి, ‘…కు’ అంది. వాడు అప్పటికే రాగం అందుకున్నాడు. పాడుతూనే మోకాళ్ల మీదికి దిగి పాకడం మొదలుపెట్టాడు గానీ ఓడిపోయానని ఒప్పుకోలేదు. మర్నాటినుంచి మాత్రం చివరి అక్షరం దాకా ఓపికపట్టడం వాడికి తెలిసింది. వాక్యం మొదట్లోనే అర్థమైపోయిందనుకుని పరుగెత్తే పిల్లలకు, ఆ మాటకొస్తే పెద్దలకు, ఇంతకన్నా మంచి మందు నాకు తెలియదు.

కదిలే ఓపిక లేని రోజుల్లో ఇదే ఆటను సైగలతో కూర్చుని ఆడతాం. ‘మెడ’ అంటే మెడ తాకాలి, ‘మేడ’ అంటే చెయ్యి పైకెత్తాలి, ‘నేల’ అంటే నేలను తట్టాలి, ‘నెల’ అంటే గోడ మీది క్యాలెండరు వైపు వేలు చూపించాలి, ‘బడి’ అంటే సంచి తగిలించుకున్నట్టు, ‘బండి’ అంటే హ్యాండిల్ పట్టుకున్నట్టు నటించాలి. చెప్పేవాళ్లు నోటికి పుస్తకం అడ్డుపెట్టుకోవడం తప్పనిసరి, లేకపోతే పిల్లలు చెవితో కాక కంటితో, పెదవుల కదలికను బట్టి పట్టేస్తారు. ‘కల’, ‘కళ’ జంటను కూడా ఒకసారి చేర్చాం. అందులో ఓడిపోయింది పిల్లలు కాదు, ‘ళ’ను ‘ళ’లా పలకడం ఏనాడో మరిచిపోయిన నేను.

ఈ సూక్ష్మమైన తేడాలను పట్టుకునే శక్తి పిల్లలకు మనం ఇచ్చేది కాదు, వాళ్లు దానితోనే పుడతారు. జానెట్ వెర్కర్, రిచర్డ్ టీస్ అనే పరిశోధకులు 1984లో ప్రచురించిన ప్రయోగాల్లో, ఇంగ్లీషు మాత్రమే వినబడే ఇళ్లలో పెరుగుతున్న పసిపిల్లలు ఆరు నుంచి ఎనిమిది నెలల వయసులో హిందీలోని ‘ట’, ‘త’ ధ్వనుల తేడాను చక్కగా గుర్తించారు. ఇంగ్లీషు మాత్రమే మాట్లాడే పెద్దవాళ్లకు ఆ తేడా పట్టుకోవడం చాలా కష్టం. పది పన్నెండు నెలలు వచ్చేసరికి ఆ పిల్లల్లోనూ ఆ శక్తి చాలావరకు తగ్గిపోయింది. తెలుగు వింటూ పెరిగే పిల్లలకు ‘ట’, ‘త’లు రోజూ చెవిన పడతాయి కాబట్టి ఆ తేడా నిలిచిపోతుంది. అంటే చుట్టూ వినబడే భాష చెవికి పదును పెడుతూనే, తనకు అక్కర్లేని తేడాలను పక్కకు నెట్టేస్తుంది. మన దీర్ఘాలు, ఒత్తులు, ‘ల’, ‘ళ’లు పిల్లల చెవిలో నిలవాలంటే వాళ్ల ముందు మనం వాటిని స్పష్టంగా పలకాలి.

ఈ ఆట ప్రభావం నోట్‌బుక్‌లో కనిపిస్తుందని నేను అనుకోలేదు. మా అమ్మాయి ఒకసారి తన రాతలో ‘మెడ ఎక్కి చుక్కలు చూశాం’ అని రాసింది. గుణింతాలు పదిసార్లు రాయిస్తే సరిపోతుందనుకునేదాన్ని. తర్వాత ఆలోచిస్తే, దీర్ఘం ఎగిరిపోయింది చేతిలోంచి కాదు, చెవిలోంచేనని అనిపించింది. రాసేముందు మాటను తనలో తాను ఒకసారి సాగదీసి పలుక్కోవడం అలవాటయ్యాక ఆ రకం తప్పులు తగ్గాయి. ఆక్స్‌ఫర్డ్‌లో లినెట్ బ్రాడ్లీ, పీటర్ బ్రయంట్ నాలుగైదేళ్ల పిల్లలను కొన్నేళ్లపాటు పరిశీలించి 1983లో వెల్లడించిన విషయమూ ఇటువంటిదే. మాటల్లోని ధ్వనుల పోలికలను, ప్రాసలను చిన్నప్పుడే పసిగట్టగలిగిన పిల్లలు తర్వాత చదవడంలో, రాయడంలో ముందుండడాన్ని వాళ్లు చూశారు. నాలుగు మాటలు చెప్పి వాటిలో పొసగనిదాన్ని పట్టుకోమనే ఆట వాళ్లు పరీక్షగా వాడినదే. ‘గడప, కడవ, పడవ, గొడవ’ అని నేను అడిగితే మా అబ్బాయి ‘గడప’ అంటాడు, మిగతా మూడింటికీ చివర ‘డవ’ ఉందంటాడు.

పిల్లల ఆటల గురించి ఎవరు రాసినా తప్పక చెప్పే ‘సైమన్ సేస్’ మీద నాకు కొంచెం అసంతృప్తి ఉంది. ‘సైమన్ చెప్పాడు’ అని ముందు చేర్చితేనే చేయాలి, లేకపోతే కదలకూడదు అనే నియమం చేయాలనే తొందరను అణచుకోవడం నేర్పుతుంది, అది నిజమే. కానీ ఓడినవాళ్లు పక్కన కూర్చోవాలనే పద్ధతి వల్ల ఎవరికి ఈ సాధన ఎక్కువ కావాలో వాళ్లే మొదటి నిమిషంలో బయటికి పోతారు, ఎవరికి అక్కర్లేదో వాళ్లు చివరిదాకా ఆడతారు. మేము ఆ నియమాన్ని తీసేశాం. తప్పు చేసినవాళ్లు అవతలి వరుసలోకి మారి ఆట కొనసాగిస్తారు, అక్కడ మళ్లీ తప్పు చేస్తే ఇవతలికి వస్తారు.

చెవిలో గుసగుసగా ఒక వాక్యం చెప్పి, అది వరుసలో చివరివాళ్లకు చేరేసరికి ఎలా మారిందో చూసి నవ్వుకునే ఆట అందరికీ తెలిసినదే. కేంబ్రిడ్జిలో ఫ్రెడరిక్ బార్ట్‌లెట్ ఇటువంటి ప్రయోగాన్నే కథలతో చేసి 1932లో ప్రచురించారు. ఒకరినుంచి ఒకరికి పోయేకొద్దీ కథ కుదించుకుపోవడం, వాళ్లకు అలవాటులేని వివరాలు రాలిపోయి అలవాటైనవి వాటి చోట చేరడం ఆయన గమనించారు. అయితే మామూలుగా ఆడే పద్ధతిలో పిల్లలు బాగా వినడం కంటే తప్పుగా వినడమే సరదా అని నేర్చుకుంటారు, కొందరు కావాలనే మారుస్తారు. చివరి వాక్యం బయటపడ్డాక వరుసలో వెనక్కి వెళుతూ ఎవరి దగ్గర ఏ మాట మారిందో ఆరా తీయడం మొదలుపెట్టినప్పటినుంచి మా ఇంట్లో ఈ ఆటకు విలువ వచ్చింది. చుట్టాల పిల్లలు వచ్చినరోజు ‘గూట్లో గువ్వ’ అన్నది ‘నోట్లో గవ్వ’గా తేలితే, ‘గూట్లో’ను ‘నోట్లో’ చేసింది ఎవరో పట్టుకోవడానికి వాళ్లు పావుగంట పైగా విచారణ జరిపారు.

ఎక్కువ నేర్పిన ఆట ఏదని అడిగితే నేను బొమ్మ గీయించే ఆట పేరు చెబుతాను. ఇద్దరు వీపులు ఆనించుకుని కూర్చుంటారు. ఒకరి చేతిలో గీసిన బొమ్మ ఉంటుంది, ఇంకొకరి దగ్గర తెల్లకాగితం ఉంటుంది. బొమ్మ ఉన్నవాళ్లు నోటితో చెబుతుంటే రెండోవాళ్లు గీయాలి, తిరిగి చూడకూడదు. మొదటిసారి మా అబ్బాయి చెప్పేవాడు, నేను గీసేదాన్ని. ‘ఇక్కడ ఒక గుండ్రం గియ్యి, ఇదిగో ఇంత’ అని చేతులతో చూపించాడు, నా వీపు వెనక. వినేవాళ్లకు ఏది తెలుసో ఏది తెలియదో ఊహించుకోవడం చిన్నపిల్లలకు ఎంత కష్టమో రాబర్ట్ క్రౌస్, శామ్ గ్లక్స్‌బర్గ్ అనే మనస్తత్వవేత్తలు 1960లలో చూపించారు. మధ్యలో తెర ఉండగా వింత ఆకారాలను అవతలివాళ్లకు వర్ణించమంటే, చిన్నపిల్లలు ‘అమ్మ టోపీ’ లాంటి తమకు మాత్రమే అర్థమయ్యే గుర్తులు చెప్పేవారు. నోటితో చెప్పి బొమ్మ గీయించిన పిల్లవాడికి వినేవాడి అవస్థ తెలుస్తుంది, వినేవాడి అవస్థ తెలిసినవాడు తన వంతు వచ్చినప్పుడు బాగా వింటాడు.

ఈ ఆటలో మొదట్లో మా పిల్లలిద్దరూ ఒక్క ప్రశ్న కూడా అడిగేవారు కాదు. ‘ఇంటి పక్కన చెట్టు ఉంది’ అంటే కుడిపక్కనా ఎడమపక్కనా అని అడక్కుండా తోచినచోట గీసేవారు. దీన్ని చూసినప్పుడే ఎలెన్ మార్క్‌మన్ 1977లో ప్రచురించిన ప్రయోగం నాకు పూర్తిగా అర్థమైంది. ఆమె ఒకటో తరగతి నుంచి మూడో తరగతి వరకు చదువుతున్న పిల్లలకు ఒక పేకముక్కల ఆట నియమాలు చెప్పారు, కాకపోతే అందులో ముఖ్యమైన సంగతి ఒకటి వదిలేసి చెప్పారు. చిన్న తరగతుల పిల్లలు అంతా అర్థమైనట్టే తల ఊపారు. ముక్కలు చేతికి వచ్చి ఆడబోతేగాని ఏదో లోపించిందని వాళ్లకు తట్టలేదు. ‘అర్థమైందా’ అని అడిగితే ‘ఆఁ’ అనే పిల్లలు అబద్ధమాడడం లేదు, అర్థం కాలేదన్న సంగతి వాళ్లకూ ఇంకా తెలియదు.

అందుకని ఇప్పుడు నేను కావాలనే అసంపూర్తిగా పనులు చెబుతాను. ‘ఆ డబ్బా తీసుకురా’ అంటాను, బల్ల మీద మూడు డబ్బాలు ఉంటాయి. ఏదో ఒకటి తెస్తే మార్కు ఏమీ ఉండదు, ‘ఏ డబ్బా?’ అని అడిగితే ఒక మార్కు. చాలా ఇళ్లలో ఈ ‘ఏ డబ్బా’ ఎదురుప్రశ్నగా లెక్కకు వస్తుంది, మాట వినకపోవడంగా పేరు పడుతుంది. మా పెద్దవాళ్లు ఒకరు ఈ ఆట చూసి, పిల్లలకు ఎదురు చెప్పడం నేర్పుతున్నావని నన్ను మందలించారు కూడా. నాకు మాత్రం తువ్వాలు పట్టుకుని నిలబడినవాడే గుర్తుకొస్తాడు. ‘తువ్వాలుకు ముందు ఏమన్నావమ్మా?’ అని వాడు అడగగలిగి ఉంటే ఆ సాయంత్రం గొడవే లేదు.

మాటలను మనసులో నిలుపుకోవడానికి పెట్టె సర్దే ఆట చాలు. ‘ప్రయాణానికి పెట్టెలో దువ్వెన పెట్టాను’ అని ఒకరంటే, రెండోవాళ్లు దువ్వెనతో పాటు ఇంకొకటి చేర్చి మొత్తం అప్పజెప్పాలి. మా అబ్బాయికి నాలుగు వస్తువులు దాటితే బరువవుతుంది, కానీ ప్రతి వస్తువుకూ ఒక సైగ చేర్చితే ఏడు దాకా లాగుతాడు. మేము పని చెప్పే తీరులోనూ ఈ లెక్క వాడుకుంటున్నాం. ఒక్కసారి రెండు పనులే, అదీ దగ్గరికి వెళ్లి, ముఖం చూసి.

చప్పుళ్ల మధ్య ఒక గొంతును పట్టుకోవడం మీద ఇంగ్లండ్‌కు చెందిన కోలిన్ చెర్రీ చేసిన ప్రయోగాలు 1953లో ప్రచురితమయ్యాయి. ఒక్కో చెవిలో ఒక్కో ప్రసంగం వినిపిస్తూ, ఒకదాన్ని వెంటవెంటనే పలకమన్నప్పుడు, రెండో చెవిలోని ప్రసంగం ఇంగ్లీషు నుంచి జర్మన్‌కు మారినా వింటున్నవాళ్లు గమనించలేదు. మేమిద్దరం చెరొక కథ ఒకేసారి చదువుతూ, అమ్మ కథ మాత్రమే విని చెప్పమని పిల్లలను అడిగే ఆట దీని మీదినుంచి వచ్చిందే. ఐదు నిమిషాలకే వాళ్లు అలిసిపోతారు. పెద్దవాళ్లతో పోలిస్తే పిల్లలకు అవసరమైన గొంతు చుట్టూ ఉన్న రొద కంటే ఇంకా ఎక్కువ గట్టిగా ఉంటేగాని మాటలు స్పష్టపడవు, ఈ తేడా బడి వయసంతా కొనసాగుతుంది. టీవీ మోగుతుండగా పిల్లలను పిలిచి పలకలేదని కోప్పడే ముందు ఈ సంగతి గుర్తుంచుకోవలసినదే. ఆటలు ఆడేటప్పుడైతే టీవీ ఆపేయాలి, పావుగంటకు మించి సాగదీయకూడదు.

ప్రశ్న అడిగాక ఆగడం నేను పిల్లలకన్నా ఆలస్యంగా నేర్చుకున్నాను. అమెరికా విద్యా పరిశోధకురాలు మేరీ బడ్ రో 1970లలో తరగతి గదుల్లో చేసిన పరిశీలనల ప్రకారం, ప్రశ్న అడిగిన టీచరు జవాబు కోసం సగటున ఒక్క సెకను మాత్రమే ఆగేవారు. ఆ విరామాన్ని మూడు సెకన్లకు పెంచితే పిల్లల జవాబులు పొడవయ్యాయి, ఎప్పుడూ నోరు విప్పనివాళ్లూ మాట్లాడారు. మూడు సెకన్లు ఎంత పొడవైనవో ఆగి చూస్తేగాని తెలియదు.

ఒక్క మాట మాత్రం సరదాను పక్కన పెట్టి చెప్పాలి. పిల్లలు ‘ఆఁ? ఏంటి?’ అని పదేపదే అడుగుతున్నా, టీవీ శబ్దం పెంచుకుంటున్నా, ఒక చెవినే మాట వైపు తిప్పుతున్నా, వెనకనుంచి పిలిస్తే పలకకపోతున్నా ఆటలతో కాలం గడపకుండా చెవి డాక్టరుకు చూపించి వినికిడి పరీక్ష చేయించాలి. చిన్నపిల్లల్లో చెవి మధ్యభాగాన్ని గొంతుతో కలిపే నాళం పెద్దలకంటే పొట్టిగా, అడ్డంగా ఉంటుంది కాబట్టి జలుబు చేసినప్పుడు అది సులువుగా మూసుకుపోయి, కర్ణభేరి వెనక ద్రవం నిలిచిపోతుంది. నొప్పి ఉండకపోవచ్చు, జ్వరం ఉండకపోవచ్చు, నీళ్లలో మునిగి వింటున్నట్టు మాత్రం ఉంటుంది. ఒకరోజు బాగా వినబడి ఇంకొకరోజు వినబడకపోవడం వల్ల ఇంట్లోవాళ్లు దాన్ని పొగరనుకునే ప్రమాదం ఉంది. మేము ఆటలు మొదలుపెట్టడానికి ముందే మా అబ్బాయికి ఆ పరీక్ష చేయించాం, వాడి చెవులు బాగానే ఉన్నాయి.

చివరిగా, తప్పుల కథ గురించి. పిల్లలకు కంఠతా వచ్చిన కథను చదువుతూ అక్కడక్కడా తప్పులు దూర్చుతాను. కుందేలుకు తోకకు బదులు తొండం పెడతాను, రాత్రిపూట సూర్యుణ్ణి ఉదయింపజేస్తాను. పట్టుకున్న ప్రతి తప్పుకూ ఒక మార్కు వేసుకుంటారు, ఆ లెక్కలన్నీ ఫ్రిజ్‌కు అంటించిన చీటీ మీద ఉంటాయి. చీటీ మీద పేర్లు రెండే ఉండేవి, వాళ్లిద్దరివి. మొన్న నేను ల్యాప్‌టాప్ ముందు కూర్చుని ఏదో రాసుకుంటుంటే మా అమ్మాయి పక్కన నిలబడి బడి సంగతులు చెబుతోంది. నేను ‘ఊఁ’ అంటూనే ఉన్నాను. ‘లెక్కల పీరియడ్ అయ్యాక మా టీచరు రెక్కలు విప్పుకుని కిటికీలోంచి ఎగిరిపోయారమ్మా’ అంది. ‘ఊఁ, మంచిది’ అన్నాను. అది ఇంకేమీ అనకుండా వంటగదిలోకి వెళ్లింది. రాత్రి పాలు తీయడానికి వెళ్లినప్పుడు చూస్తే, చీటీ మీద మూడో పేరు ఉంది, ‘అమ్మ’ అని, దాని పక్కన గుండ్రంగా, శ్రద్ధగా గీసిన సున్నా ఉంది.